ఎండెక్కినా మంచు ఆరని మొక్క

మహారాష్ట్రలో కాస్ పఠార్ అనే పీఠభూమి మీద ఆ పొద్దున్న మా చుట్టూ తక్కువలో తక్కువ రెండొందల మంది ఉంటారు. అందరూ నీలం పూల ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. చోటు అంత బావుంది మరి. చీలమండ దాటని గడ్డిలో కనుచూపు మేర ఊదా కలిసిన నీలం, మధ్యమధ్య గులాబీ రంగు అడవి కాశీతుమ్మలు, తెల్లటి బొత్తాల్లాంటి గడ్డిపూలు, పైనుంచి సన్నటి తుంపర. మా గైడ్ పక్క ఊరి కుర్రాడు. ఆ నీలం పూలని చూపించి మరాఠీలో వీటిని 'సీతేచీ ఆసవే' అంటారని చెప్పాడు. ఆసవే అంటే కన్నీళ్లు. సీతమ్మ కన్నీళ్లు. నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను, అతను మాత్రం హిందీలో ఇంకో మాట కూడా అన్నాడు: "ఇవి పురుగుల్ని తింటాయి మేడమ్."

ఆ సంగతి తెలిసే వచ్చాను. దాన్ని చూడ్డానికే తమ్ముడూ నేనూ రాత్రి హైదరాబాద్‌లో బయల్దేరి సోలాపూర్, పంఢర్‌పూర్ మీదుగా సతారా చేరి, అక్కణ్ణుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు ఘాట్ రోడ్డు ఎక్కాం. అయినా అక్కడ నిలబడి ఆ మాట వింటుంటే ఒళ్లు జలదరించింది. ఎటు చూసినా అవే కదా. లక్షల్లో ఉన్నాయి. ఫొటోలు దిగుతున్న వాళ్లంతా వేటాడే మొక్కల మధ్య నిలబడి ఉన్నారు, ఆ సంగతి వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

కీటకాహార మొక్కలంటే మనలో ఎక్కువమందికి బళ్లో చూసిన బొమ్మే గుర్తు. మూత ఉన్న కూజా ఒకటి, పళ్లున్న నోరులాంటి ఆకు ఒకటి. నెపంథిస్, డయోనియా, డ్రాసిరా, యుట్రిక్యులేరియా అని నాలుగు పేర్లు, రెండు మార్కుల ప్రశ్న. వీటిలో కూజా మొక్క మన దేశంలో సహజంగా పెరిగేది మేఘాలయ కొండల్లో. పళ్లున్న ఆకుదైతే ఈ ఖండమే కాదు, అమెరికాలో రెండు కరోలినా రాష్ట్రాల తీరం దగ్గర కొద్దిపాటి నేల మాత్రమే దాని సొంతూరు. కానీ మిగిలిన రెండూ మన దగ్గర ఉన్నాయి! కొండ వాలుల్లో, వరి చేల పక్కన, ఊరి చెరువుల్లో ఉన్నాయి. బొమ్మలో అరచేయంత గీస్తారు కాబట్టి మన కళ్లు ఆ సైజు కోసమే వెతుకుతాయి. అసలు మొక్క చాలాసార్లు రూపాయి బిళ్లంతే ఉంటుంది, దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోతాం.

వీటి కోసం తిరగడం మొదలుపెట్టిన కొత్తల్లో నేను మొక్క కోసం వెతికేదాన్ని. ఎక్కడ పచ్చగా ఉంటే అక్కడికి పోయేదాన్ని, ఏమీ దొరికేది కాదు. తర్వాత అర్థమైంది, వెతకాల్సింది ఆకలితో ఉన్న నేల కోసం. కాస్‌నే తీసుకోండి. సముద్ర మట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉన్న రాతి బల్ల అది. నల్లరాయి మీద తుప్పు రంగు లాటరైట్ పొర, దాని మీద మట్టి కొన్నిచోట్ల వేలెడు మందం కూడా ఉండదు. నాలుగు నెలల వానకి ఆ మట్టిలో ఉన్న కాస్త సారమూ కొట్టుకుపోతుంది, నీళ్లు మాత్రం నిలబడి ఉంటాయి. పెద్ద చెట్టు వేళ్లు దించే వీలు లేదు. అలాంటి చోట 850కి పైగా రకాల మొక్కలు బతుకుతున్నాయి. 2012లో పశ్చిమ కనుమల్లో భాగంగా దీన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ బతికే మార్గాల్లో ఒకటి వేట. ఇక్కడ చాలామంది పొరబడతారు, ఈ మొక్కలు ఆకలి తీర్చుకోవడానికి పురుగుల్ని తింటాయనుకుంటారు. పిండి పదార్థాన్ని ఇవి కూడా మిగతా మొక్కల్లాగే ఎండలోనే వండుకుంటాయి. పురుగు నుంచి కావలసింది నత్రజని, భాస్వరం. మనం చేలో యూరియా చల్లుతాం, ఈ మొక్క తనకి కావలసిన యూరియాని తనే పట్టుకుంటుంది.

అందుకని ప్రయాణంలో కిటికీలోంచి చూసేటప్పుడే నేను నేల చూస్తాను. నీళ్లు ఊరుతూ ఉండే రాతి పలక, ఎండ బాగా తగిలే చోటు, గడ్డి కూడా పలచగా, పొట్టిగా ఉండే చోటు, తడి ఇసుక, నాచు. గడ్డి ఏపుగా పెరిగిందంటే అక్కడ ఎరువుంది, ఇక దిగక్కర్లేదు.

సీతమ్మ కన్నీళ్ల సంగతికొస్తాను. దీని శాస్త్రీయ నామం యుట్రిక్యులేరియా పర్‌ప్యూరాసెన్స్. యుట్రిక్యులస్ అంటే లాటిన్‌లో చిన్న తిత్తి. పైకి కనిపించేది పువ్వు, దాని సన్నటి కాడ, అంతే. వేట అంతా కింద తడి మట్టిలో జరుగుతుంది. ఈ మొక్కలకి వేళ్లు ఉండవు. దారాల్లాంటి కాడలు మట్టిలో పాకి, వాటికి ఆవగింజ కంటే చిన్న తిత్తులు కాస్తాయి. తిత్తి తన లోపలి నీటిని బయటికి తోడేసుకుని, పక్కలు లోపలికి పీక్కుపోయి, తలుపు బిగించుకుని కూర్చుంటుంది. మట్టి నీళ్లలో ఈదే కంటికి కనపడని జీవి ఏదో తలుపు దగ్గరి వెంట్రుకకి తగిలిందా, తలుపు తెరుచుకుంటుంది, నీళ్లతో పాటు ఆ జీవి లోపలికి లాగేయబడుతుంది, తలుపు మూసుకుంటుంది. యుట్రిక్యులేరియాల్లో కొన్ని రకాల తిత్తుల్ని కొలిస్తే ఆ లాగడం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో అయిపోతుందని తేలింది. మనం రెప్ప వేసే సమయంలో అది వందో వంతు కూడా ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ పూలని చూస్తున్నంత సేపూ నా మనసంతా ఆ కింద చీకట్లోనే ఉంది.

తిత్తుల్ని చూసి గుర్తుపట్టాలంటే మట్టి పెకలించాలి, ఆ పని చెయ్యకూడదు. పువ్వుతోనే గుర్తుపట్టొచ్చు. నేను మొదట్లో ఒక తప్పు చేశాను, అది చెప్తే మీకు పనికొస్తుంది. కొండ మీద తడి రాతి పక్కన చిన్న ఊదా పువ్వు కనిపిస్తే యుట్రిక్యులేరియా అని రాసి పెట్టేశాను. పై పెదవి, కింది పెదవి ఉన్నాయి, తడిలో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. వృక్షశాస్త్రం తెలిసిన ఒకాయన చూసి ఒకే ప్రశ్న అడిగారు: "పువ్వు కింద రక్షక పత్రాలు ఎన్నో లెక్కపెట్టారా అమ్మా?" ఫొటో పెద్దది చేసి చూస్తే అయిదు. మన నేల మీద పెరిగే యుట్రిక్యులేరియాలకి రెండే ఉంటాయి, పువ్వుని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నట్టు. ఇంకో గుర్తు, పువ్వు వెనక నుంచి కిందికి దిగే కొక్కెంలాంటి తోక. ఈ రెండూ కనపడాలంటే పువ్వుని ముందు నుంచి తీసిన అందమైన ఫొటో చాలదు. పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తప్పకుండా తియ్యాలి. ఆ రోజు నుంచి ముందు వెనక వైపు తీసి ఆ తర్వాతే ముందుకి వస్తాను.

చెరువుల్లో ఉండేది వేరే రకం, దాన్ని గుర్తుపట్టడం తేలిక. నీళ్ల మీదికి లేచిన పసుపు పువ్వు, నీళ్లలో కుచ్చులా తేలే సన్నటి ఆకులు, వాటి మధ్య చుక్కల్లా తిత్తులు. ఇది యుట్రిక్యులేరియా ఆరియా. మన వైపు నీటి గుంటల్లో పాచి అనుకుని పక్కకి నెట్టేసేవాటిలో ఇది ఉండొచ్చు, ఈసారి పసుపు పువ్వు కనపడితే ఒక్క నిమిషం ఆగి చూడండి.

కాస్‌లో రెండోదాన్ని కనిపెట్టింది తమ్ముడు. వాడికి మొక్కల మీద పెద్ద ఆసక్తి లేదు, నా కోసం కారు నడపడానికి వచ్చాడు. పదిన్నరకి మబ్బు విడి ఎండ వచ్చింది. పక్క గడ్డి మీద తడి ఆరిపోతోంది. దారి పక్కన కూర్చున్నవాడు "అక్కా, ఇక్కడ గడ్డి మీద ఇంకా మంచు ఉంది చూడు" అన్నాడు. నేను పరిగెత్తాను. వాడు కూర్చున్న వైపు నుంచి, అంటే సూర్యుడికి ఎదురుగా చూస్తే, జానెడు కూడా లేని ఎర్రటి మొక్కలు, దారాల్లాంటి పొడుగాటి ఆకులు, ప్రతి ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన ఒక బొట్టు. ఒక్కో బొట్టులో ఎండ విడివిడిగా మెరుస్తోంది. డ్రాసిరా ఇండికా. లేత గులాబీ రంగు అయిదు రేకుల పువ్వు కూడా ఉంది ఒకదానికి. మరాఠీలో దీన్ని గవతీ దవబిందు అంటారట, గడ్డి మంచుబొట్టు అన్నమాట. డ్రాసిరా అనే మాట కూడా మంచు అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచే వచ్చింది.

వాడు చూసింది ఎండకి ఎదురుగా కాబట్టి దొరికింది. నేను అదే దారిలో ఎండని వీపున పెట్టుకుని పది నిమిషాల ముందే నడిచి వెళ్లాను, నాకు ఎర్రగడ్డి తప్ప ఏమీ కనపడలేదు. డ్రాసిరా వెతికేటప్పుడు పొద్దున్న తొమ్మిదీ పదకొండు మధ్య, సూర్యుడికి ఎదురు తిరిగి, వీలైనంత వంగి చూడండి. మామూలు మంచు ఆ వేళకి పోతుంది, ఈ జిగురు పోదు.

జిగురుగా ఉన్నదల్లా వేటగాడు కాదని కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది అందరూ పొరబడే చోటు. కుక్కవామింట మన ఊళ్లలో ప్రతి ఖాళీ స్థలంలో ఉంటుంది, ముట్టుకుంటే వేళ్లకి అంటుకుంటుంది, దానికి చిన్న పురుగులు కూడా అతుక్కుని కనిపిస్తాయి. చిత్రమూలం పువ్వు అడుగు భాగం అంతా జిగురే. ఈ ఫొటోలు పంపి "ఇది డ్రాసిరానా" అని అడుగుతుంటారు. తేడా చాలా స్పష్టంగా ఉంటుంది. డ్రాసిరా ఆకుకి వెంట్రుక కొసన ఎర్రటి గుండుసూది తలలాంటిది ఉంటుంది, దాని చుట్టూ బొట్టు. పురుగు పడితే ఆ వెంట్రుకలు వంగుతాయి. కుక్కవామింట వెంట్రుకలు పురుగు వైపు వంగవు.

ఈ వంగడాన్ని చూసే డార్విన్ పిచ్చెక్కిపోయాడు. 1860 వేసవిలో ఇంగ్లండ్‌లో ఒక బీడులో డ్రాసిరా ఆకుల మీద చచ్చిన పురుగులు అన్ని ఎందుకున్నాయని మొదలుపెట్టి, మాంసం, పాలు, గుడ్డు తెల్లసొన, గాజు ముక్క, తల వెంట్రుక ముక్క, ఏది దొరికితే అది ఆకు మీద పెట్టి చూశాడు. గాజు ముక్కకి కూడా ఆకు వంగేది కానీ త్వరగా విడిచిపెట్టేసేది, మాంసాన్ని మాత్రం రోజుల తరబడి పట్టుకునేది. ప్రపంచంలోని అన్ని జాతుల పుట్టుక కంటే ఈ డ్రాసిరా మీదే తనకి ఇప్పుడు ఎక్కువ ధ్యాస అని ఆ ఏడాదే స్నేహితుడు లయెల్‌కి ఉత్తరం రాశాడు. ఈ కీటకాహార మొక్కల మీద ఆయన పుస్తకం అచ్చయింది 1875లో. పదిహేనేళ్లు! ఆ ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచీ నేను ఒక్క మొక్క దగ్గర గంట కూర్చున్నా నాకు తప్పుగా అనిపించడం మానేసింది.

కాస్ నుంచి వచ్చాక మన దగ్గర వెతకాలన్న పట్టుదల పెరిగింది. డిసెంబర్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అంటే పాత విశాఖ ఏజెన్సీలో, బంధువుల పెళ్లికి వెళ్లాం. వలిసె పూలు అయిపోతున్న రోజులు. పెళ్లి మర్నాడు పొద్దున్నే గెడ్డ పక్కన నడుస్తుంటే కోత అయిన మడికీ కొండకీ మధ్య నీళ్లు ఊరే ఇసుక చెలక ఒకటి కనిపించింది. గడ్డి పలచగా ఉంది, నేల అక్కడక్కడా ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చూసి గుండె వేగం పెరిగింది. మోకాళ్ల మీద కూర్చుంటే నేల అంతా చిన్న చిన్న ఎర్ర చక్రాలు. ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత, చెంచాల్లాంటి ఆకులు మధ్యలోంచి చుట్టూ పరుచుకుని, నేలకి అతుక్కుని ఉన్నాయి. డ్రాసిరా బర్మానై. కాండం ఉండదు, ఆకులన్నీ నేల మీదే. మధ్యలోంచి జానెడులోపు సన్నటి కాడ లేచి తెల్లటి పువ్వులు పూస్తుంది. ఇండికాతో దీన్ని పొరబడే అవకాశమే లేదు.

అలా కూర్చుని ఉంటే కట్టెల మోపుతో వెళ్తున్న ఒక ముసలామె ఆగింది. "ఏటమ్మా, ఏటి పడీసుకున్నావు?" అంది.

"ఏం లేదు మామ్మా, ఈ మొక్క చూస్తున్నాను."

ఆమె మోపు దించి వంగి చూసింది. "దీన్నా? ఎండెక్కినా దీని మంచు ఆరదు. చిన్నప్పుడు దీని మీద చీమల్నేసి ఆడుకునీవోళ్లం."

ఆ మాట విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రాత్రంతా ప్రయాణం చేసి, పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతి ఆమెకి చిన్నప్పటి ఆట. పేరు అడిగితే పేరేం లేదంది. ఇద్దరం అలా చూస్తుండగానే ఒక చిన్న ఈగ వచ్చి ఆకు అంచున వాలింది. బర్మానై ఆకు అంచున మిగతావాటి కంటే పొడుగాటి వెంట్రుకలు ఉంటాయి, అవి కొన్ని సెకన్లలోనే లోపలికి ముడుచుకుంటాయని చదివాను. చదివినప్పుడు నమ్మాను గానీ చూడలేదు. ఒకటి, రెండు, మూడు అని మనసులో అనుకుంటుండగానే ఆ వెంట్రుకలు లేచి వంగి ఈగని ఆకు మధ్యలోకి తోసేశాయి. మామ్మ "అదిగో" అంది.

ఇంటికొచ్చాక ఆ సంతోషంలో నేను చేసిన పని ఇప్పటికీ బాధ పెడుతుంది. మొక్కల ఆసక్తి ఉన్నవాళ్ల గ్రూప్ ఒకదాంట్లో ఫొటోలతో పాటు మ్యాప్ పిన్ కూడా పెట్టేశాను. అందరూ చూడాలని పెట్టాను. మరుసటి ఏడాది నవంబర్‌లో అదే చోటికి వెళ్తే ఎర్ర చక్రాలు ఉండాల్సిన చోట చతురస్రంగా గుంటలు. తాపీతో కోసి మట్టితో సహా లేపినట్టు. ఎవరు తీశారో తెలీదు, తెలిసినా చేసేదేం లేదు. నా పిన్ చూసే వచ్చారా అన్నదీ తెలీదు, కానీ ఆ చోటు గురించి బయట ప్రపంచంలో రాసింది నేనొక్కదాన్నే.

అలా తీసుకెళ్లిన మొక్క బతకడం కూడా కష్టం. ఆకలి నేలకి అలవాటు పడ్డ మొక్క అది, కుళాయి నీళ్లలో ఉండే ఉప్పులు దానికి పడవు, కుండీ మట్టిలో సారం పడదు. పైగా మన ఎండాకాలానికి బర్మానై చచ్చిపోతుంది, గింజ వేసి పోతుంది, ఆ గింజే మళ్లీ వానలకి మొలుస్తుంది. నవంబర్‌లో లేపేశారంటే ఆ ఏడాది గింజ పడలేదన్నమాట.

అప్పట్నుంచి నేను జిల్లా పేరు దాటి చెప్పను. మొక్కల ఫొటోలు పెట్టి గుర్తుపట్టించుకునే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు లొకేషన్‌ని మసకగా చూపించే ఆప్షన్ ఉంది, అది ఎంచుకుంటే బయటివాళ్లకి చాలా కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద గడి మాత్రమే కనిపిస్తుంది, మొక్క ఏదో మాత్రం అందరూ చూసి చెప్పగలరు. ఫొటోల్లో కూడా వెనక కొండ, గుడి, మైలురాయి పడకుండా చూసుకుంటాను. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, ఆకు దగ్గరగా ఒకటి, పువ్వు పక్క నుంచి, వెనక నుంచి ఒక్కోటి తీస్తే గుర్తుపట్టడానికి అంతే చాలు. సంచిలో పది రెట్లు చూపించే చిన్న భూతద్దం, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత గోనెపట్టా ఉంటాయి. ఆ పట్టా వేసే ముందు కింద మొక్కలున్నాయేమో చూసుకోండి, ఇది నేను తమ్ముడికి ప్రతిసారీ చెప్పే మాట.

కూజా మొక్క సంగతి అడుగుతారని తెలుసు. చూశాను, మేఘాలయలో జయంతియా కొండల్లో జరాయిన్ దగ్గర. నెపంథిస్ ఖాసియానా. గారో భాషలో దాన్ని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యం బుట్ట, అంటారట. మన చట్టం రక్షణ ఇచ్చిన మొక్క అది. అందంగా ఉంది, కూజాలో చెయ్యి పెట్టకుండా ఉండటం కష్టమైంది. కానీ దాన్ని గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, దూరం నుంచే తెలిసిపోతుంది. నాకు ఇష్టమైనవి కిందికి వంగితే తప్ప కనపడనివే.

మొన్న డిసెంబర్‌లో మళ్లీ ఆ గెడ్డ పక్కకి వెళ్లాను. గుంటలు పూడిపోయాయి, అంచుల్లో నాచు పట్టింది. ఎండకి ఎదురుగా తిరిగి, పట్టా పరుచుకుని, అరగంట వెతికాను. ఏడు కనిపించాయి. పాత గింజలేవో మట్టిలో మిగిలి ఉంటాయి. ఏడింటిలో పెద్దది నా చిటికెన వేలి గోరంత, ఒకదానికి మాత్రం మధ్యలోంచి పూకాడ లేవడం మొదలైంది. మామ్మ ఇంటికి వెళ్లి చెప్తే, "అక్కడేటి, రా" అని కొండ మీదికి ఇంకాస్త పైకి తీసుకెళ్లింది. రాతి పలక వార నీళ్లు జారే చోట నేలంతా ఎర్రగా ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట నలభై దాటాక ఆపేశాను, ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. ఒక్కదాని మీదా మంచు ఆరలేదు.